షేడు ఒకటే, మెరుపే వేరు

మార్టూరులో హైవే పక్కన మాది రంగుల కొట్టు. మా మామగారి రోజుల్లో సున్నం, నీలిమందు, డిస్టెంపరు ప్యాకెట్లు అమ్మేవాళ్ళు. ఇప్పుడు కౌంటరు వెనక టింటింగ్ మిషను ఉంది. షేడు నంబరు కొడితే తెల్ల బేసులోకి లెక్క ప్రకారం రంగు చుక్కలు దింపుతుంది. మనిషి చేత్తో కలిపినప్పటి హెచ్చుతగ్గులు ఇక ఉండవు కదా, ఫిర్యాదులు తగ్గుతాయి అనుకున్నారు మావాళ్ళు. ఒక ఫిర్యాదు మాత్రం అలాగే మిగిలింది: "అమ్మాయ్, షేడు తేడా వచ్చిందే!"

అట్లా వచ్చినవాళ్ళని నేను ముందు డబ్బా మూత తెమ్మంటాను. దాని మీద చీటీ ఉంటుంది కదా, షేడు నంబరు, రంగు పేరు, బ్యాచి అన్నీ దాంట్లోనే ఉంటాయి. చాలాసార్లు షేడు నంబరు సరిగ్గానే ఉంటుంది. తేడా పడింది ఫినిషింగులో. గోడంతా సన్నటి మెరుపుతో ఉంటే మధ్యలో ఒక జానెడు మేర మెరుపు చచ్చి ఉంటుంది, లేకపోతే గోడంతా మ్యాటుగా ఉండి టచప్ చేసినచోట మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. చూసేవాళ్ళకి అది మెరుపు తేడా అని తట్టదు. లేతరంగు, ముదురురంగు అనే అనిపిస్తుంది. దాంతో షేడు మార్చి మళ్ళీ కలిపించుకుని పోయి, ఉన్న మచ్చ మీద ఇంకో మచ్చ వేసుకుంటారు.

ఈ సంగతి మిగతా ఊళ్ళవాళ్ళకి చెప్పడం కష్టమేమో గానీ మా ఊరివాళ్ళకి తేలిక, ఎందుకంటే ఇక్కడ వీధికో గ్రానైట్ ఫ్యాక్టరీ. బల్లికురవ క్వారీల నుంచీ చీమకుర్తి నుంచీ వచ్చే బండలు ఇక్కడ పలకలవుతాయి. కోత మిషను మీంచి దిగి ఆరిన బ్లాక్ గెలాక్సీ పలకని చూడండి, బూడిదరంగులో ఉంటుంది. నీళ్ళు చల్లితే నల్లబడుతుంది, ఆరగానే మళ్ళీ బూడిదే. పాలిషింగు లైను మీద గరుకు రాయి నుంచి సన్న రాయి దాకా మార్చుకుంటూ అరగదీస్తే, అప్పుడు ఆరినా నలుపు నిలుస్తుంది, బంగారు చుక్కలు పైకి తేలతాయి. రాయి అదే. దాని మీద ఎవరూ నల్లరంగు వెయ్యలేదు. పైభాగం గరుకుగా ఉన్నంతసేపూ దాని మీద పడిన వెలుగు అన్ని వైపులకీ చెదురుతుంది. ఆ చెదిరిన తెల్లటి వెలుగు నలుపుతో కలిసి మన కంటికి బూడిదగా అందుతుంది. నున్నబడ్డాక వెలుగు ఒక్క వైపుకే తిరిగి పోతుంది. మనం ఆ వైపున నిలబడకపోతే కనిపించేది అసలు నలుపు. అదే పలకని లెదర్ ఫినిషు చేయిస్తే ఆ రెంటికీ మధ్య ఇంకో నలుపు.

గోడ మీద రంగుకీ జరిగేది ఇదే. డబ్బాలో ప్రధానంగా ఉండేవి రంగు పొడి, దాన్ని గోడకి పట్టి ఉంచే జిగురు (మావాళ్ళు బైండరు అంటారు), చాక్ లాంటి ఫిల్లరు పొడులు, పల్చన చేసే నీళ్ళు (ఎమల్షన్‌కి) లేదా టర్పెంటైను (ఎనామిల్‌కి). జిగురు ధారాళంగా ఉండి పొడి అంతా అందులో మునిగిపోతే ఆరాక పైపొర నున్నగా వస్తుంది, మెరుస్తుంది, దాన్ని గ్లాసు అంటాం. పొడి పాలు పెరిగేకొద్దీ గింజలు పైకి పొడుచుకొస్తాయి, వెలుగు చెదురుతుంది, దాన్నే మ్యాట్ అంటాం. మెరుపు తగ్గించడానికి సన్నటి సిలికా పొడి కూడా కలుపుతారు. అందుకే ఒకే షేడు నంబరుని మ్యాట్‌లోనూ గ్లాసులోనూ కలిపించి పక్కపక్కన రాసి చూస్తే మ్యాట్ లేతగా, గ్లాసు ముదురుగా కనపడతాయి. మిషను తప్పేమీ లేదు.

మెరుపుకి కొలత కూడా ఉంది. గ్లాసుమీటరు అని చిన్న పరికరం. 60 డిగ్రీల వాలులో వెలుగు వేసి ఎంత తిరిగొచ్చిందో చెబుతుంది. అద్దంలా పాలిషు చేసిన నల్లగాజుని 100గా పెట్టుకుని మిగతావన్నీ దాంతో పోలుస్తారు. ఆ లెక్కన పూర్తి మ్యాట్ రంగు 5 దాటదు, ఎనామిల్ గ్లాసు 70 పైన ఉంటుంది. గొడవంతా ఈ రెంటి మధ్యలో. ఎగ్‌షెల్, షీన్, సాటిన్, సిల్క్, సెమీగ్లాస్ అని పేర్లు చాలా ఉన్నాయి గానీ ఎక్కడ గీత గియ్యాలో ప్రతి కంపెనీకీ తన లెక్క తనది. ఒకళ్ళ సాటిన్ ఇంకొకళ్ళ సిల్కు కన్నా ఎక్కువ మెరవొచ్చు. పేరు చూసి "అదీ ఇదీ ఒకటేలే" అని రెండు కంపెనీల డబ్బాలు ఒకే గోడకి వేయించినవాళ్ళు మా దగ్గరికి రాక తప్పదు.

మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళకి ముందు ఊళ్ళోనే ఒక మిర్చి రైతు ఇంట్లో జరిగింది చెబుతాను. మాది నల్లరేగడి. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుపోతుంది, పునాది సరిగా పడని ఇళ్ళలో గుమ్మం పైమూల నుంచి ఏటవాలుగా బీటలు లేస్తాయి. వాళ్ళ హాలు గోడకి అట్లాంటి బీటే ఉంది. పెయింటరు బీట గీకి, పూడ్చి, లప్పం పెట్టి, ఎమ్రీ కొట్టి, ప్రైమరు వెయ్యకుండానే మిగిలిన పాత రంగు కొట్టి పోయాడు. లప్పం దాహం మీదుంటుంది. రంగులోని జిగురుని లోపలికి లాగేసుకుని పొడిని పైన వదిలేసింది. ఆ మేరకి మెరుపు పోయి తెల్లబారిన చార మిగిలింది. దాన్ని కప్పడానికి ఇంకో కంపెనీ సిల్కు డబ్బా తెచ్చి చార చుట్టూ మూరెడు వెడల్పున రోలరు తిప్పారు. ఇప్పుడు గోడ మీద మూడు మెరుపులు.

ఇదంతా అయ్యాక ఫాల్స్ సీలింగు చేయించి, గోడ వెంబడి పైనుంచి కిందికి పడేటట్టు ప్రొఫైల్ లైట్లు పెట్టించారు. గోడ గుట్టు బయటపడాలంటే దానికి ఆనించి లైటు వేస్తే చాలు. మచ్చలేవి, రోలరు ఎక్కడ ఆగింది, లప్పం ఎక్కడ పెట్టారు, అన్నీ కనపడతాయి. పెళ్ళివాళ్ళొచ్చే వేళకి ఆ గోడే అందరి కళ్ళకీ ఆనే గోడ.

"షేడు మళ్ళీ కలిపియ్యమ్మాయ్, ఈసారి కాస్త ముదురుగా పట్టు," అన్నాడు ఆ ఇంటాయన.

"షేడు జోలికి పోవద్దు బాబాయ్. ముందు ఆ లైట్లు ఆపించు," అన్నాను.

లైట్లన్నీ ఆపించి సెల్ఫోను టార్చి ఒక్కటీ తీసుకుని ఎదురుగా నిలబడి చూశాం. చార దాదాపు కనపడలేదు. తర్వాత టార్చిని గోడకి ఆనించి, చెంప గోడకి దగ్గరగా పెట్టి పక్కనుంచి చూడమన్నాను. మూడు మెరుపులూ విడివిడిగా కనపడ్డాయి. పరీక్ష ఇంతే. ఎదురుగా నిలబడినా తేడా ఉంటే షేడు తేడా. పక్కకి జరిగితేనే తేడా వస్తుంటే మెరుపు తేడా. పగలు కిటికీ వైపు నుంచి ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూడటం మంచిది, ఎందుకంటే కొన్ని షేడ్లు ఎండకి ఒకలాగా ఎల్ఈడీకి ఒకలాగా కనపడతాయి, అది మెరుపుకి సంబంధం లేని ఇంకో గొడవ.

"అయితే అంత మేరకే మంచి రంగు ఇంకోసారి కొడితే?" అని వాళ్ళమ్మాయి అడిగింది. అందరూ అడిగే ప్రశ్నే. గోడ మధ్యలో ఆపిన రంగు అంచు ఎక్కడో ఒకచోట పాత రంగుని తాకాల్సిందే. తాకినచోట రెండు పొరల మందం, రెండు మెరుపులు. పాతది దుమ్ము పట్టి, తడిగుడ్డతో తుడిచి తుడిచి మారిపోయి ఉంటుంది, కొత్తది డబ్బాలోంచి అప్పుడే వచ్చింది. అదే బ్యాచి రంగైనా కలవదు. గోడ మూలల దగ్గర ఆగితే మాత్రం పట్టుబడం. మూల తిరగ్గానే వెలుగు పడే తీరు ఎటూ మారిపోతుంది కాబట్టి చిన్న తేడాని కన్ను పోల్చుకోలేదు. అందుకే మూల నుంచి మూలకి, స్లాబు నుంచి స్కర్టింగు దాకా ఒక గోడ మొత్తం. ఇంతకన్నా చవకైన దారి నాకు తెలియదు.

ఒక కంపెనీ శిక్షణలో విన్న కథ ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. మార్క్ రోత్కో అనే చిత్రకారుడు 1958లో వేసిన 'బ్లాక్ ఆన్ మెరూన్' అనే పెద్ద చిత్రం లండన్‌లోని టేట్ మోడర్న్‌లో ఉంది. 2012 అక్టోబరులో ఒకడు దాని మూల మీద సిరాతో రాశాడు. మళ్ళీ గోడకెక్కింది 2014 మేలో. రోత్కో పల్చటి పొరల మీద పొరలు వేసేవాడు, ఒక పొర మెరిసేది, ఒకటి మెరవనిది, ఆ మెరుపు తేడాలే ఆయన చిత్రాలకి ప్రాణం. సిరా వదిలించి, చెదిరినచోట రంగుతో పాటు మెరుపు కూడా కుదర్చాలి. ముందు అదే తరహా పొరలతో విడిగా ఒక నమూనా తయారుచేసుకుని దాని మీద ప్రయోగాలు చేశారు. అంత పెద్ద మ్యూజియానికే ఏడాదిన్నర పట్టిన టచప్‌ని మన పెయింటరు మధ్యాహ్నం భోజనానికి ముందే తేల్చెయ్యాలంటే ఎట్లా?

ఆ హాలు గోడకి చేయించింది ఇది. సిల్కు మెరుపు ఉన్న మేరని 220 నంబరు ఎమ్రీతో, చేతికి గరుకు తగిలేదాకా తేలిగ్గా రుద్దించాం. మెరిసే పొర మీద కొత్త రంగుకి పట్టు ఉండదు. దుమ్ము తడిగుడ్డతో తీయించి ఆరనిచ్చాం. లప్పం ఉన్న చారకీ దాని చుట్టుపక్కలా ప్రైమరు. అది ఆరాక గోడ మొత్తానికి ఇంకో ప్రైమరు, రెండు కోట్లు రంగు. కొత్తగా తెచ్చిన డబ్బాలన్నీ ఒకే బకెట్లో కలిపేసి వాడించాను, రెండో డబ్బా మొదలైనచోట తేడా రాకూడదని. ఆ ఇంట్లో లైట్లు తీసే ఉద్దేశం లేదు కాబట్టి ఆ గోడకి మాత్రం పూర్తి మ్యాటే తీసుకోమన్నాను. మెరుపు తక్కువున్న రంగు గోడ వంకర్లని దాస్తుంది, ఎక్కువున్నది చాటుతుంది. తుడవడానికి మ్యాట్ అంత వీలుగా ఉండదని ఆ ఇంటావిడకి ముందే చెప్పాను. "టీవీ వెనక గోడని ఎవరు తుడుస్తారమ్మాయ్," అంది.

బకెట్లో కలిపే మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మెరుపు తగ్గించే సిలికా బరువుకి అడుక్కి దిగుతుంది. మ్యాట్, సాటిన్ డబ్బాలని అడుగు దాకా కర్ర పెట్టి కలపకుండా పైపైన ముంచుకుంటూ పోతే మొదటి గోడ కాస్త మెరుస్తుంది, ఆఖరి గోడ సున్నంలా దిగుతుంది. మిషను ఊపి ఇచ్చిందిగా అని నెలరోజులు మూలన పడేసిన డబ్బాని నేరుగా వాడటం మా ఊళ్ళో మామూలే. నీళ్ళు కూడా అంతే. డబ్బా మీద రాసిన కొలత దాటి పోస్తే పొర పల్చబడి మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. గోడకి బ్రష్షుతో అంచులు కట్టి, అవి ఆరిపోయాక లోపల రోలరు తిప్పితే చుట్టూ ఫ్రేము కట్టినట్టు గీత వస్తుంది. అంచులు తడిగా ఉండగానే రోలరు కలవాలి. పెద్ద గోడకి ఇద్దరు మనుషులు కావాలనేది అందుకే. ఒక మనిషి కూలి మిగిలిందని సంతోషించేవాళ్ళకి ఆ గీత రోజూ కనపడుతూనే ఉంటుంది.

ఎండల సంగతి మా ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మే నెలలో పడమటి గోడ సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రోలరు వెనక్కి తిరిగేలోపే రంగు ఆరిపోతుంది, అతుకులన్నీ చారలుగా నిలబడతాయి. ఆ గోడ పొద్దున్నే చెయ్యాలి. తుపానుల కాలంలో దీనికి ఎదురు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తడిసిన గోడలకి సంక్రాంతికే రంగులు వేయించినవాళ్ళు ఉన్నారు. చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు తెల్లగా పొంగి, ఎమల్షన్ అక్కడక్కడ పొరలుగా లేచింది. చెమ్మ ఆరని గోడకి ఏ ఫినిషూ పనికిరాదు.

సంక్రాంతికే రంగులన్న పట్టుదల మీద నాకు ఇంకో చిరాకుంది. అప్పటికి చాలా ఇళ్ళలో పత్తి ఇంకా అమ్మకుండా గదుల్లో పోసి ఉంటుంది, ధర కోసం. తలుపులకి ఎనామిల్ వేస్తే అది చేతికి అంటకుండా ఆరడానికి గంటలు పడుతుంది. ఈలోపు పత్తి నూగు లేచి దాని మీద వాలుతుంది. ఆరాక తలుపంతా సన్నటి నూగు గరుకు, ఆ మేరకి మెరుపు చచ్చిపోయి ఉంటుంది. ఫ్యాక్టరీలకి దగ్గరున్న ఇళ్ళకి గ్రానైటు దుమ్ము కూడా తోడు. మళ్ళీ ఎమ్రీ, మళ్ళీ కోటు. పత్తి వెళ్ళాక చేయించుకోండి అంటే వినరు, పండక్కి బంధువులొస్తారని.

తలుపుల దగ్గర తేడాలు ఎక్కువగా వచ్చేది ఒక తలుపు ఎనామిల్ గ్లాసు, ఒకటి సాటిన్ వేయించినప్పుడు. పెయింటర్లు గ్లాసు ఎనామిల్లో టర్పెంటైను ఎక్కువ పోసి మెరుపు చంపుతాం అంటుంటారు. వద్దు. ఆరినప్పుడు టర్పెంటైను ఎగిరిపోతుంది, జిగురు అలాగే ఉంటుంది. మెరుపు అనుకున్నంత తగ్గదు, పొర పల్చబడి కారుతుంది. అదే కంపెనీ, అదే రకం రంగులో గ్లాసూ సాటినూ కలిపి మధ్యరకం చేసుకోవచ్చు గానీ మొత్తం తలుపులకి సరిపడా ఒకేసారి కలుపుకోవాలి. రెండోసారి అదే పాలు కుదరదు. తెల్ల ఎనామిల్‌కి ఇంకో గుణం ఉంది, వెలుగు తగలని గదుల్లో ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. పదేళ్ళ కిందటి తెల్ల తలుపు పక్కన కొత్త తెల్ల తలుపు పెడితే మెరుపు కలిసినా రంగు కలవదు. రెండూ వేయించాల్సిందే.

పాత ఇళ్ళలో అన్నిటికన్నా కష్టమైన పని వంటింటి సగం గోడ. కింద నాలుగడుగులు ఆయిల్ పెయింటు, పైన డిస్టెంపరు. నూనె చిందితే తుడుచుకోవచ్చని వేయించినవి. ఇప్పుడు పిల్లలకి ఆ గీత నచ్చదు, మొత్తం ఒకే మ్యాట్ కావాలంటారు. ఆయిల్ పెయింటు మీద ఎమల్షన్ నేరుగా వేస్తే నెలల్లో గోరు పెట్టి లాగితే ఊడొస్తుంది. కిందది ఏ రకమో తెలియకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దండి. ఎమల్షన్ అయితే మెత్తబడి దూదికి అంటుతుంది, ఆయిల్ పెయింటు చెక్కుచెదరదు. ఆయిల్ పెయింటని తేలితే నూనె జిడ్డు సబ్బునీళ్ళతో కడిగి, ఎమ్రీ కొట్టి, మెరిసే పొరని కూడా పట్టే ప్రైమరు వేసి, ఆ తర్వాతే ఎమల్షన్. పైన ఉన్న డిస్టెంపరుని కూడా వదలకూడదు. తడిచేత్తో రుద్దితే పొడి రాలుతున్నదంటే అది మొత్తం గీకెయ్యాలి.

ఈ ఎమ్రీ కొట్టడంలో జాగ్రత్త ఉంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదన్న కేంద్ర ప్రభుత్వ నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఆయిల్ పెయింట్లలో సీసం ఎంత ఉందో చూసి చెప్పలేం. పాత ఎనామిల్‌ని పొడిగా రుద్దించవద్దు, నీళ్ళు చల్లి తడి ఎమ్రీ కొట్టించండి. ముక్కుకి మాస్కు ఉండాలి. పనయ్యేదాకా పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనీ ఆ గదిలోకి రానివ్వకూడదు. దుమ్ముని ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తించాలి.

అంతా చెప్పాక కూడా కొందరికి ఆ సగం గోడని కదిలించే ఓపికా డబ్బూ ఉండవు. వాళ్ళకి నేను చెప్పే ఉపాయం ఇంకోటి. రెండు ఫినిషులు కలిసేచోట గీతని దాచడం మానేసి అక్కడే ఒక పట్టీ వేయించెయ్యండి. మా ఊళ్ళో గ్రానైటు కటింగు ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. మూడంగుళాల వెడల్పున పట్టీ కోయించి గోడ వెంబడి అంటిస్తే కింద మెరుపు, పైన మ్యాట్, మధ్యలో రాయి. మెరుపు తేడా కావాలనే చేయించినట్టు ఉంటుంది. పూజగది గోడకి ఒకే షేడులో మ్యాట్ మీద గ్లాసు చారలు దించి ఇదే పనిని ముచ్చటగా చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. లైటు వెలిగించినప్పుడే చారలు కనపడతాయి.

ఒకదానికి మాత్రం ఎవరి దగ్గరా మందు లేదు. మ్యాట్ గోడ మీద స్విచ్చుబోర్డు చుట్టూ, దివాను కాటు వెనక తలలు ఆనేచోట, చేతుల రాపిడికీ తలనూనెకీ మెరుపు పుడుతుంది. గింజలు అరిగి నున్నబడటం అది. తుడిచేకొద్దీ ఇంకా మెరుస్తుంది. అట్లాంటిచోట్లకి మొదట్లోనే సాటిన్ వేయించుకోవాలి.

కొత్తగా వేసిన రంగుని మర్నాడే చూసి కంగారు పడొద్దు. ఎమల్షన్ అరగంటలో చేతికి అంటకపోయినా పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపు మెరుపు కొంచెం సర్దుకుంటుంది. పని అయ్యాక కంపెనీ పేరు, రంగు పేరు, ఫినిషు, షేడు నంబరు, బ్యాచి, ఏ గోడకి ఎన్ని కోట్లు, అన్నీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి. మిగిలిన రంగుని సగం ఖాళీ డబ్బాలో ఉంచకుండా చిన్న డబ్బాలోకి అంచుదాకా ఒంపి మూత బిగించండి. పెయింటరుతో బేరం ఆడేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే అడగరాదు. బీటలు, మచ్చలు వచ్చినచోట ప్రైమరు వేస్తాడా, టచప్ అంటే మచ్చ వరకా, మూల నుంచి మూల దాకానా అని అడగండి. మూల నుంచి మూల దాకా అన్నవాడు రేటు కాస్త ఎక్కువ చెబుతాడు. మా కొట్లో రంగు కూడా ఇంకో నాలుగు లీటర్లు ఎక్కువ పోతుంది.